ఆసియాన్ ప్రాంతీయ వేదికలో మన దేశము

మాఘ ఫాల్గుణ మాసములలో ఆర్మూరు మీదుగా ప్రయాణము చేసినవారికి పసుపు వాసనను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. నవనాథ సిద్ధుల గుట్ట నల్లరాళ్ళ నీడన ఉన్న ఆ ఊరిని దాటి ఏ దిక్కునకు పోయినను, కల్లములలో ఉడికించిన పసుపు ఎండుచుండును. ఎండినది డ్రమ్ములలో పడి గలగలమనుచు మెరుగెక్కుచుండును. కొమ్ము వేరు, మండ వేరు చేసి సంచుల కెత్తి నిజామాబాదు గంజునకు గాని, మరికొంత ధర పలుకునన్న ఆశ యున్నచో మహారాష్ట్రములోని సాంగ్లీకి గాని తరలించుట అక్కడి రైతుల వాడుక. కల్లము కడ నిలిచి ధర మాట యెత్తినచో సాంగ్లీ, ఈరోడు అను పేరులతో పాటు వియత్నాము, ఇండోనీషియా, మయన్మారు అను పేరులును వినవచ్చును. ఆ దేశములనుండి కూడ మన విపణికి పసుపు వచ్చుచున్నది గదా!

ఆ మూడు దేశములును, మన దేశమును ఏటేట ఒకే బల్లచుట్టు కూర్చుండు సభ యొకటి కలదు. అచ్చట పసుపు ధర ప్రస్తావనకు రాదు. యుద్ధము రాకుండ చూచుకొనుట ఎట్లు, సముద్రమార్గములు నిరపాయముగ నుండుట ఎట్లు అనునవే అచ్చటి మాటలు. దానిని ఆసియాన్ ప్రాంతీయ వేదిక యందురు. మన దేశము అందు 1996లో అడుగిడెను. ఆ ప్రవేశము ఒక తెలుగు రాజనీతిజ్ఞుని జీవితముతో ముడివడి యున్నది. చిత్రమేమన, అదే తలుపు అంతకు పదునారేండ్లకు పూర్వము ఆయన విదేశాంగమంత్రిగా ఉన్న కాలముననే మూసికొనిపోయెను. ఆ కథయే మేమిప్పుడు చెప్పదలచినది.

సముద్రముమీద వచ్చువారికి అభయ మిచ్చుట తెలుగు నేలకు క్రొత్త గాదని ముందుగ ఒక మాట చెప్పుదుము. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఒక శాసనము వేయించెను. గాలివానకు కొట్టుకొనివచ్చి ఒడ్డున పడిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతముగ గైకొనుచుండిరని అందు కలదు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నియమితమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపనని మాట యిచ్చెను. ఓడ బేరగాడు ధైర్యముగ రేవు చేరవలెనన్నచో అక్కడి రాజు ఏమి చేయునో, ఏమి చేయడో ముందుగ తెలిసియుండవలెను. ఏడున్నర శతాబ్దముల తరువాత బాంగ్కాకులో కూడిన మంత్రులు కోరినదియు ఇంచుమించుగ నిదియే.

స్వతంత్ర భారతము తూర్పు దేశముల సభలకు మొదట వెనుదీసినది కాదు. స్వాతంత్ర్యము రాకమునుపే, 1947 మార్చి ఏప్రిలు నెలలలో, ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా దేశముల ప్రతినిధులను సమావేశపరచినది మనమే. 1955లో ఇండోనీషియాలోని బాండుంగునందు ఇరువది తొమ్మిది దేశములు కూడినపుడు నెహ్రూ ముందువరుసలో నుండెను. అయితే సైనిక కూటములన్న ఆయనకు గిట్టదు. 1954లో మనీలాలో పుట్టిన సీటో కూటమిలో మన దేశము చేరలేదు. 1967 ఆగస్టు 8న ఇండోనీషియా, మలేషియా, ఫిలిప్పైన్సు, సింగపూరు, థాయిలాండు కలిసి ఆసియాన్ సంఘమును స్థాపించినపుడు, ఆ యైదింటిలో రెండు సీటో సభ్యులే యగుటవలన ఢిల్లీలో అనుమానము కలిగెను. 1971లో మనము సోవియట్ యూనియనుతో మైత్రీ ఒడంబడిక చేసికొన్నప్పుడు అనుమానపడుట వారి వంతయ్యెను. ఒకే సముద్రమున కిరువైపుల నుండియు ఇరుగుపొరుగులు మాటలాడుకొనని కాలమది.

పాములపర్తి వేంకట నరసింహారావు 1921లో నర్సంపేట దాపునగల లక్నేపల్లిలో జన్మించి వంగరలో పెరిగెను. ఉస్మానియాలో వందేమాతర ఉద్యమమున పాల్గొన్నందుకు చదువు కోసము నాగపూరు పోవలసివచ్చెను. 1957 నుండి మంథని ప్రజలు ఆయనను శాసనసభకు పంపుచువచ్చిరి. ఆర్మూరునకు ఉత్తరమున పోచంపాడు ఆనకట్టను దాటిన గోదావరియే ముందుకు సాగి మంథని చేరును. కనుక ఆయన ఆ ప్రాంతమునకు పొరుగువాడే. 1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి ప్రధాని యైనపుడు విదేశాంగశాఖ ఆయన చేతికి వచ్చెను.

అప్పటికి ఆగ్నేయాసియాలో కంబోడియా మంట రగులుచుండెను. 1978 డిసెంబరులో వియత్నాము సైన్యము ఆ దేశమున ప్రవేశించి, 1979 జనవరిలో పోల్‌పాట్ ప్రభుత్వమును కూలద్రోసి, హెంగ్ సామ్రిన్ నాయకత్వమున వేరొక ప్రభుత్వమును నిలిపెను. ఆసియాన్ దేశములకు ఇది పొరుగింటిపై దండయాత్ర. 1980లో ఆసియాన్‌తో సంభాషణలకు ప్రయత్నము ఒకవంక సాగుచుండగనే, జూలైలో మన ప్రభుత్వము హెంగ్ సామ్రిన్ ప్రభుత్వమును గుర్తించెను. సంభాషణ అంతటితో ఆగిపోయెను.

ఆ నిర్ణయము తప్పా? పోల్‌పాట్ ఏలుబడిలో లక్షలాది కంబోడియనులు మృతిచెందిరి. అట్టివానికి దౌత్యగౌరవము నిరాకరించుట దోషమని మేమనజాలము. అయినను ధర్మమునకును మూల్య ముండును. మన దేశము దానిని పండ్రెండేండ్ల ఎడబాటు రూపమున చెల్లించెను. ఆ యేండ్లలోనే తూర్పు దేశములు కర్మాగారములు కట్టుకొని, రేవులు పెంచుకొని, మనలను దాటి ముందుకు పోయినవి. మన నౌకాదళము పెరుగుచున్నకొలది అది తమ తీరములవైపు చూచుచున్నదేమోయని వారు శంకించిరి.

1991 జూన్ 21న నరసింహారావు ప్రధాని యయ్యెను. ఖజానాలో విదేశీ ద్రవ్యము రెండు మూడు వారముల దిగుమతులకు కూడ చాలీచాలని రోజులవి. అక్టోబరులో పారిసులో కంబోడియా సంధి కుదిరెను. పాత తగవు తీరెను. డిసెంబరులో సోవియట్ యూనియనే లేకపోయెను. తూర్పువైపు చూచుటకు అవసరమును అవకాశమును ఒకేసారి వచ్చినవి. 1992లో ఆసియాన్ మన దేశమును కొన్ని రంగములకు మాత్రము పరిమితమైన సంభాషణ భాగస్వామిగ అంగీకరించెను. వ్యాపారము, పెట్టుబడులు, పర్యటనము వంటివే ఆ రంగములు. రక్షణ మాట అందు లేదు. 1994 సెప్టెంబరులో సింగపూరున నరసింహారావు చేసిన ఉపన్యాసము ఆసియా పసిఫిక్ ప్రాంతముతో భారతదేశము నెరపదలచిన క్రొత్త సంబంధమును లోకమునకు తెలిపెను. మాట తక్కువ, మౌనము ఎక్కువయని పేరుపడిన మనిషి తన విధానమును విప్పిచెప్పిన అరుదైన సందర్భములలో అదియొకటి. 1995 డిసెంబరులో బాంగ్కాకు శిఖరసభ మనకు పూర్ణ భాగస్వామ్యము నొసగెను.

ఈలోపుననే ప్రాంతీయ వేదిక పుట్టెను. 1994 జూలై 25న బాంగ్కాకులో జరిగిన దాని తొలిసభలో పదునెనిమిది పక్షములు కూర్చుండినవి. ఆసియాన్ దేశములతో పాటు అమెరికా, జపాను, చైనా, రష్యా, ఆస్ట్రేలియా, ఐరోపా సమాఖ్య మున్నగునవి అందు కలవు. ఇంత పెద్ద శక్తులను పిలిచినది చిన్న దేశములు. అధ్యక్షపీఠమును ఏటేట వంతులవారీగ తమయందే ఉంచుకొన్నదియు చిన్న దేశములే! పెద్దవాడు పెద్దవానిని పిలిచిన రెండవవాడు రాడు. చిన్నవాడు పిలిచిన ఇద్దరును వత్తురు. ఈ ఉపాయము మాకెంతయు ముచ్చటగొలుపును. ఆ సభలో ఓట్లు లేవు. అందరును సమ్మతించినదే నిర్ణయము. సైన్యము లేదు, శిక్ష లేదు. 1995లో బ్రూనై సభ మూడు మెట్లను నిర్దేశించెను. ముందు పరస్పర విశ్వాసము పెంచుకొనుట, పిదప తగవు ముదరకుండ ముందే నివారించుట, ఆ పిదప తగవులను పరిష్కరించు మార్గములు వెదకుట.

1996 జూలైలో జకార్తాలో జరిగిన మూడవ సభలో భారతదేశమును మయన్మారును క్రొత్తగ చేరినవి. మనము చేరినచో భారత పాకిస్తాను కలహమును వెంటబెట్టుకొని వత్తుమేమోయన్న జంకు కొందరికి లేకపోలేదు. మన పక్షమున ఆ సభలో కూర్చున్నది విదేశాంగమంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్. తలుపు తెరిపించిన నరసింహారావు రెండు నెలలకు పూర్వమే, మేలో, ఎన్నికలలో ఓడి పదవి విడిచియుండెను.

సభ్యత్వము దొరికిన రెండేండ్లకే పరీక్ష వచ్చిపడెను. 1998 మేలో మన దేశము పోఖ్రానులోను, వెంటనే పాకిస్తాను తన గడ్డమీదను అణుపరీక్షలు జరిపెను. జూలైలో మనీలాలో సభ కూడినపుడు అధ్యక్షుని ప్రకటన దక్షిణాసియా పరీక్షలను గర్హించెను; ఏ దేశమును పేరుపెట్టి అనలేదు. మన ప్రతినిధులకు అది సుఖమైన కూర్పేమియు గాదు. కాని సభలో లేకయే నిందపడుటకన్న, సభలో కూర్చుండి తన మాటను తాను చెప్పుకొనగలుగుట మేలు గదా! 2003 అక్టోబరులో బాలిలో మన దేశము ఆసియాన్ మైత్రీ సహకార ఒడంబడికలో చేరెను. 2004లో పాకిస్తాను వేదికలో ప్రవేశించునప్పుడు మునుపటి అభ్యంతరమును మన దేశము విరమించుకొనెను. తరువాత బంగ్లాదేశము, శ్రీలంక వచ్చినవి. ఉత్తర కొరియా 2000 నుండియే సభ్యురాలు. ఇప్పుడు మొత్తము ఇరువది యేడు పక్షములు కలవు.

వేదిక వెలుపల కూడ పాత శంకలు మెల్లగ కరగినవి. 1995లో పోర్టుబ్లెయిరున మన నౌకాదళము మిలన్ అను కూడిక నేర్పాటు చేయగా ఇండోనీషియా, సింగపూరు, శ్రీలంక, థాయిలాండు నౌకలు వచ్చినవి. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినపుడు, మన తీరమే దెబ్బతినియుండగ, మన ఓడలు శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనీషియాకు సాయము కొనిపోయినవి. మన నౌకలను జూచి భయపడిన దేశములే వానికొరకు ఎదురుచూచిన దినములవి. 2022లోను 2024లోను మిలన్ కూడిక విశాఖపట్టణముననే జరిగెను.

ఇంతకును ఆ సభవలన ఏమి ఒరిగినదని అడుగువారు గలరు. అడుగవలసినదే. 2011లో నివారణ దౌత్యమునకు ఒక కార్యప్రణాళిక వ్రాసికొనిరిగాని, ఆ రెండవ మెట్టుమీద పాదము గట్టిగ నిలువలేదు. మూడవది ఇంకను దూరమే. దక్షిణ చైనా సముద్రపు తగవు 2012లో ఆసియాన్ విదేశాంగమంత్రులనే చీల్చెను. సంఘము పుట్టినది మొదలు ఎన్నడును లేనట్లు, ఆ యేడు వారు ఉమ్మడి ప్రకటన చేయలేకపోయిరి. మన విదేశ వాణిజ్యములో సగమునకు పైగ ఆ సముద్రము, మలక్కా జలసంధి గుండ సాగుచున్నదని మన ప్రభుత్వపు లెక్క. కనుక అది పరాయి తగవని ఊరకుండ వీలులేదు. అయినను ఒక సంగతి దాచరాదు. వేదికకు కోరలు లేవని విచారించు మనమే, కాశ్మీరమును గాని చైనా సరిహద్దును గాని అటువంటి సభలలో చర్చింప నొల్లము. ద్విపక్ష విషయములు ఇద్దరి నడుమనే తీరవలెనన్నది మన నియమము. ఎవరి గుట్టు వారికి కావలె ననుకొన్నప్పుడు సభ మాటల సభగనే మిగులును. 2020లో గల్వాను లోయలో మన సైనికులు ఇరువది మంది ప్రాణము లర్పించినపుడు చైనాతో మాటలు నడచినది సేనానుల నడుమను, ఇరు ప్రభుత్వముల నడుమనే.

ఇక ఆర్మూరు మాట. రక్షణను గూర్చిన సంభాషణ ఒక గదిలో జరుగగ, సుంకములను గూర్చినది వేరొక గదిలో జరిగెను. 2009 ఆగస్టులో బాంగ్కాకున సంతకమై 2010 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన వస్తువాణిజ్య ఒడంబడిక ఆ రెండవ గదిలోనిది. అందు మన రైతునకు తగినంత రక్ష దొరకలేదన్న ఫిర్యాదు నానాటికి పెరిగి, 2023లో దానిని తిరిగి పరిశీలించుటకు ఇరుపక్షములును అంగీకరించినవి. 2022-23లో మన దేశము 11 లక్షల 61 వేల టన్నుల పసుపు పండించి, లక్షన్నర టన్నులకు పైగ ఎగుమతి చేసెను. కొన్నవారిలో మలేషియాయు ముఖ్యమే. అనగ తూర్పు దేశములు మన పసుపునకు పోటీయును, కొనుగోలుదారులును. ఆ సముద్రము మూసికొనిపోయినను రైతునకు నష్టమే. అడ్డులేక తెరచుకొన్నను భయమే.

2019 ఏప్రిలులో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది పోటీపడిరి. వారిలో 170 మందికి పైగ పసుపు, ఎఱ్ఱజొన్న పండించు రైతులు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కావలెనని వారు నామినేషను పత్రముల ద్వారా వేసిన కేక అది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు ప్రధానస్థానముగ ఆరంభమయ్యెను. ధర మాట ఇంకను కల్లములలోనే తిరుగుచున్నది.

మోటుపల్లి శిలమీద గణపతిదేవుడు అభయమును సుంకమును ఒక్కచోటనే వ్రాయించెను. ప్రాంతీయ వేదిక మంత్రులు సాధారణముగ జూలైలో కూడుదురు. ఆ నెలలో ఆర్మూరు చేలలో పసుపు అప్పుడే మొలకెత్తి ఆకు వేయుచుండును.