ఆర్గాన్ వాయించే ఆయనకి యురేనస్ ఎలా దొరికింది? హెర్షల్ అన్నాచెల్లెళ్ల కథ

ఈ మధ్య ఒక రకం వార్తలు మనకి తరచుగా కనిపిస్తున్నాయి. పగలంతా ఆస్ట్రోఫిజిక్స్ రీసెర్చ్, సాయంత్రమైతే స్టేజి మీద పియానో కచేరీ. అలాంటి వాళ్లని చూసి మనం "అబ్బా, రెండూ ఎలా చేస్తున్నార్రా బాబూ" అనుకుంటాం. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1970లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో పీహెచ్‌డీ మొదలెట్టాడు. గ్రహాల మధ్య తేలే ధూళి ఆయన సబ్జెక్టు. మధ్యలో బ్యాండ్ హిట్టయ్యింది, థీసిస్ మూలన పడింది. మళ్లీ 2007లో పూర్తి చేశాడు. అంటే ముప్పై ఏళ్లు దాటాక. ఆయనైనా రెండూ ఒకేసారి నడపలేదు, ఒకటి ఆపి ఇంకోటి చేశాడు.

మరి నిజంగా రెండూ ఒకే రోజులో, ఒకే ఇంట్లో చేసినవాళ్లు ఎవరు? దానికోసం మనం 1770ల ఇంగ్లాండుకి, బాత్ అనే ఊరికి వెళ్లాలి. అక్కడ విలియం హెర్షల్ అని ఒక ఆర్గానిస్ట్ ఉన్నాడు. స్కూల్లో ఈయన పేరు ఒక్క లైన్లో చదివాం, "యురేనస్‌ను కనుగొన్నవాడు" అని. ఆ లైన్లో రెండు విషయాలు లేవు. ఒకటి, ఆ టెలిస్కోప్‌కి డబ్బులు పెట్టింది సంగీతం. రెండు, దానికి అసలు ధర కట్టింది ఆయన చెల్లెలు.

సరే, మొదట్నించి వద్దాం. విలియం 1738లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. నాన్న ఐజాక్ మిలిటరీ బ్యాండులో ఓబో వాయించేవాడు. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం అనుకోండి, అది కూడా రెండు రెల్లు పీకలతో పలికే వాయిద్యమే. కొడుకులూ అదే బ్యాండులో చేరారు. 1757లో హాస్టెన్‌బెక్ దగ్గర ఫ్రెంచి సైన్యంతో యుద్ధం వచ్చింది, హానోవర్ ఓడిపోయింది. అప్పటికి విలియంకి పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాదే ఇంగ్లాండు చేరాడు. అక్కడ కడుపు నింపుకోడానికి ఏం చేశాడో తెలుసా? మ్యూజిక్ నోట్లు చేత్తో కాపీ రాసి అమ్మాడు. తర్వాత ఉత్తర ఇంగ్లాండులో ఊరూరూ తిరిగాడు. బ్యాండ్‌మాస్టర్, టీచర్, కంపోజర్, దొరికిన పనల్లా చేశాడు. ఇరవై నాలుగు సింఫనీలు రాశాడు. ఇవాళ రికార్డింగులు దొరుకుతాయి, విని చూడండి. మొజార్ట్ స్థాయి అని నేను చెప్పను. కానీ పని తెలిసినవాడు రాసిన పాటలని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

1766లో బాత్‌లోని ఆక్టగన్ చాపెల్‌కి ఆర్గానిస్ట్‌గా ఎంపికయ్యాడు. బాత్ అంటే అప్పట్లో డబ్బున్నవాళ్లు వేడినీళ్ల స్నానాలకి వచ్చి, చీట్లాడి, డాన్సులు చేసి వెళ్లే ఊరు. అంటే మ్యూజిషియన్‌కి బంగారు గని. సీజన్లో వారానికి ముప్పైకి పైగా పాఠాలు చెప్పేవాడు. ఆ పైన కచేరీలు, చాపెల్ డ్యూటీ. ఏడాదికి దాదాపు 400 పౌన్లు వచ్చేవి. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మరి ఆకాశం మీదికి ఎలా వెళ్లాడు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ఈయన సంగీత సిద్ధాంతం గురించి రాబర్ట్ స్మిత్ అనే కేంబ్రిడ్జి ప్రొఫెసర్ రాసిన పుస్తకం చదివాడు. స్వరాల మధ్య దూరాలు, శ్రుతి లెక్కలు, అవన్నీ. పుస్తకం నచ్చితే మనమేం చేస్తాం? అదే రచయిత ఇంకేం రాశాడా అని వెతుకుతాం. స్మిత్ రాసిన ఇంకో పుస్తకం ఆప్టిక్స్ మీద. అందులో టెలిస్కోప్ ఎలా తయారు చేయాలో ఉంది. అంతే, పిచ్చి పట్టింది. 1773 వచ్చేసరికి అద్దాలు నూరడం మొదలెట్టాడు.

ఇప్పుడు చెల్లెలి దగ్గరికి వద్దాం. కారొలైన్, 1750లో పుట్టింది. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరం వచ్చింది, బతికింది గానీ ఎదుగుదల ఆగిపోయింది. జీవితాంతం నాలుగడుగుల మూడంగుళాల దగ్గరే ఉండిపోయింది. నాన్నకి ఆమెని చదివించాలని ఉండేది, రాత్రి వీధిలోకి తీసుకెళ్లి నక్షత్రాలు చూపించేవాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఈ పిల్లకి ఎలాగూ పెళ్లి కాదు, ఇంటి చాకిరీకి పనికొస్తుంది అని ఆమె లెక్క. 1767లో నాన్న పోయాడు. ఇక వంటిల్లు, మేజోళ్ల అల్లిక, అంతే జీవితం.

అన్నయ్య బాత్ నుంచి ఉత్తరం రాశాడు, చెల్లిని పంపండి, పాట నేర్పిస్తాను, నా కచేరీల్లో పాడుతుంది అని. ఆ కబురు అందాక ఈ అమ్మాయి ఏం చేసిందో చూడండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పళ్ల మధ్య గుడ్డ లాంటిది అడ్డం పెట్టుకుని, కాన్సర్టోల్లో వయొలిన్ వాయించే వరసలన్నీ గొంతుతో సాధన చేసింది. గొంతు కదలికలు అలవాటు కావాలి, చప్పుడు మాత్రం బయటికి పోకూడదు. చివరికి 1772లో అన్న స్వయంగా వచ్చి, అమ్మకి పనిమనిషిని పెట్టుకోడానికి డబ్బు ఏర్పాటు చేసి, చెల్లిని తీసుకెళ్లాడు. అంటే ఆ ఇంట్లో ఆమె విలువ ఒక పనిమనిషి జీతం. చదివినప్పుడు నాకు ఇక్కడ కాసేపు ముందుకి వెళ్లబుద్ధి కాలేదు.

బాత్‌లో ఇరవై రెండేళ్ల వయసులో ఇంగ్లీషు, లెక్కలు, పాట, హార్ప్సికార్డ్ అన్నీ ఒకేసారి నేర్చుకుంది. 1778కి హాండెల్ 'మెస్సయా'లో ప్రధాన సొప్రానో. ఆ కచేరీ విన్నాక బర్మింగ్‌హామ్ ఉత్సవంలో పాడమని ఆహ్వానం వచ్చింది. అన్న కండక్ట్ చేసే చోట తప్ప ఇంకెక్కడా పాడను అని ఆమె వద్దనుకుంది. సమస్య ఏంటంటే, అన్న మెల్లగా కండక్ట్ చేయడం మానేస్తున్నాడు.

ఎందుకంటే అప్పటికి ఇల్లంతా వర్క్‌షాపు అయిపోయింది. హాల్లో వడ్రంగి టెలిస్కోప్ గొట్టం చేస్తున్నాడు. ఇంకో అన్నయ్య అలెగ్జాండర్ పడగ్గదిలో పెద్ద లేత్ మెషీన్ పెట్టాడు. విలియం కచేరీ అయిపోగానే బట్టలు కూడా మార్చకుండా వచ్చేసేవాడు. చేతుల దగ్గరి లేసు కుచ్చులు చిరిగేవి, కరిగిన కీలు అంటుకుని పాడయ్యేవి. అద్దం అంటే ఇప్పటి గాజు అద్దం కాదు, లోహం. రాగి, తగరం కలిపి పోత పోయాలి. మన గుడి గంటకి వాడే కంచు కూడా ఆ రెండిటి మిశ్రమమే, కాకపోతే అద్దానికి తగరం పాలు ఎక్కువ. అందుకే వెండిలా మెరుస్తుంది, గాజులా పెళుసుగా పగులుతుంది. దాన్ని గంటల తరబడి నూరాలి, నూరేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఒకసారి పదహారు గంటలు ఆపకుండా నూరాడు. కారొలైన్ పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టేది. బోరు కొట్టకుండా 'డాన్ కిహోటే', 'అరేబియన్ నైట్స్' చదివి వినిపించేది. ఆమె పాట సాధన చేయాల్సిన గంటలవి.

ఆ కష్టం ఫలించిన రాత్రి 1781 మార్చి 13. న్యూ కింగ్ స్ట్రీట్‌లో 19వ నంబరు ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. పెరట్లో ఏడడుగుల టెలిస్కోప్, అద్దం 6.2 అంగుళాలు. రాత్రి పది, పదకొండు మధ్య వృషభ, మిథున రాశుల సరిహద్దులో ఒక చుక్క కాస్త లావుగా కనబడింది. నక్షత్రాన్ని ఎంత పెద్దది చేసి చూసినా చుక్కలాగే ఉంటుంది. ఇది మాత్రం పవర్ పెంచేకొద్దీ పెద్దదవుతోంది. నాలుగు రోజుల తర్వాత చూస్తే కదిలింది. తోకచుక్క అనుకున్నాడు. లెక్సెల్ లాంటి గణితవేత్తలు కక్ష్య లెక్కగట్టి ఇది శనికి అవతల తిరిగే గ్రహం అని తేల్చారు. బాబిలోనియన్ల కాలం నుంచి ఉన్న ఐదు చుక్కల లిస్టుకి మొదటిసారి ఒకటి కలిసింది.

ఇక్కడ ఒక్క విషయం. యురేనస్‌ని అంతకుముందు ఎవరూ చూడలేదని కాదు. గ్రీనిచ్‌లో ఫ్లామ్‌స్టీడ్ 1690లోనే చూసి నక్షత్రం అని రాసేసుకున్నాడు. మరి ఈ ఆర్గాన్ మాస్టారుకే ఎందుకు తేడా తెలిసింది? టెలిస్కోప్ మంచిది, నిజమే. మరుసటి ఏడాది గ్రీనిచ్‌లో పక్కపక్కన పెట్టి పోల్చారు, రాయల్ అబ్జర్వేటరీ వాళ్ల దానికంటే ఈయనదే బాగుంది. కానీ ఈయన చెప్పిన కారణం ఇంకోటి ఉంది. ఇంత పవర్ పెట్టి మాకేమీ కనబడట్లేదే అని కొందరు అనుమానపడితే, ఒక ఉత్తరంలో జవాబు రాశాడు. చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే, మీరడిగేది ఎలా ఉందంటే ఆర్గాన్ మీద హాండెల్ ఫ్యూగ్ ఒకటి ఉన్నపళంగా మీచేత వాయించమన్నట్టుంది అని. అంటే ఆయన దృష్టిలో కంటికి కూడా సాధకం కావాలి. సంగీతం ఆయన సైన్సుకి ఫండింగ్ మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. రోజూ ఎనిమిది గంటలు ఒకే పని చేయగల మొండితనం అక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

అదే ఏడాది ఆగస్టులో మూడడుగుల అద్దం పోత పోయాలనుకున్నాడు, ఇంటి కింది అంతస్తులోనే. మూస చేయడానికి గుర్రపు లద్దె కావాలి. దాన్ని రోట్లో దంచి జల్లెడ పట్టింది ఎవరు? మెస్సయా పాడిన సొప్రానో. మొదటి పోత చల్లారుతూ పగిలింది. రెండోసారి కొలిమి కారి, కరిగిన లోహం రాతి పలకల మీద పడింది. పలకలు పేలి పైకప్పుదాకా ఎగిరాయి. అందరూ బయటికి పరిగెత్తి బతికారు.

1782లో మూడో జార్జి రాజు పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. ఏడాదికి 200 పౌన్లు, సంగీతం మానేయొచ్చు, అప్పుడప్పుడు రాజకుటుంబానికి ఆకాశం చూపిస్తే చాలు. 400 వచ్చేవాడికి 200. మన భాషలో చెప్పాలంటే సగం ప్యాకేజీకి డ్రీమ్ జాబ్. ఆయన ఒప్పుకున్నాడు. తగ్గిన డబ్బు కోసం టెలిస్కోపులు తయారు చేసి అమ్మాడు. ఆ వేసవిలోనే అన్నాచెల్లెళ్ల చివరి బహిరంగ కచేరీ అయిపోయింది.

ఆయన ఎంచుకున్నాడు సరే. ఆమెని ఎవరడిగారు? పదేళ్ల సాధన, అప్పుడప్పుడే వస్తున్న పేరు, అన్నీ బాత్‌లోనే ఉండిపోయాయి. ఆమెకి ముప్పై రెండేళ్లు. డాచెట్ అనే పల్లెటూళ్లో, కప్పు కారే ఇంట్లో దిగారు. ఇకమీదట నువ్వు అసిస్టెంట్ ఆస్ట్రానమర్‌వి అని చేతికి ఒక చిన్న టెలిస్కోప్ ఇచ్చారు. మొదట్లో పక్కన మాట్లాడే మనిషి కూడా లేని ఆ చలి రాత్రులు తనకేం నచ్చలేదని ఆమె దాచుకోకుండా రాసుకుంది. 1783 డిసెంబర్ 31 రాత్రి, నేలంతా మంచు. అన్న తొందరపెడుతుంటే చీకట్లో పరిగెత్తి ఇనుప కొక్కెం మీద పడింది. కొక్కెం తొడలో దిగింది. పైకి లేపితే కొంత కండ కొక్కేనికే ఉండిపోయింది. ఆ తర్వాత ఆకాశం మబ్బు పట్టింది కాబట్టి అన్నకి పెద్ద నష్టం జరగలేదని ఆమే రాసింది. అది వెటకారమో, నిజంగా ఊరటపడిందో, ఎన్నిసార్లు చదివినా తేల్చుకోలేకపోయాను.

పని తీరు మాత్రం చూడముచ్చటగా ఉండేది. ఆయన పైన ఐపీస్ దగ్గర, ఆమె కింద కిటికీ దగ్గర గడియారం, కేటలాగ్, సిరా బుడ్డితో. ఆయన చూసింది అరిచి చెప్తాడు, ఆమె టైము, స్థానం రాస్తుంది. పగలు లెక్కలన్నీ మళ్లీ శుద్ధంగా చేస్తుంది. ఎక్కాలు నోటికి రావు, పట్టిక పక్కన పెట్టుకునేది. అలా రెండున్నర వేల నెబ్యులాలు, నక్షత్ర గుంపులు కేటలాగ్‌కి ఎక్కాయి. 1786 ఆగస్టు 1న అన్న జర్మనీలో ఉన్నప్పుడు ఆమె సొంతంగా ఒక తోకచుక్కని పట్టుకుంది. 1797 లోపు మొత్తం ఎనిమిది. 1787లో రాజు ఆమెకి ఏడాదికి 50 పౌన్ల జీతం కట్టాడు. సైన్సు పనికి ఇంగ్లాండులో జీతం తీసుకున్న మొదటి స్త్రీ ఆమే. తన చేతికి తన డబ్బుగా వచ్చిన మొదటి జీతం అది, వయసు ముప్పై ఏడు.

మరుసటి ఏడాది అన్న పెళ్లి చేసుకున్నాడు. ఆమె వేరే గదులు అద్దెకి తీసుకుని, రాత్రి పనికి మాత్రం వచ్చేది. తర్వాత ఆ పదేళ్ల డైరీలు తనే చించేసింది. అందులో ఏముందో ఊహించి సినిమా తీయొచ్చు, నేను తీయను.

స్లౌలో నలభై అడుగుల టెలిస్కోప్ 1789లో పూర్తయ్యింది, రాజు ఇచ్చిన 4,000 పౌన్లతో. 1792లో కంపోజర్ హైడన్ వెళ్లి దాన్ని చూశాడు. అది చూసే 'క్రియేషన్' రాశాడని ఒక అందమైన కథ తిరుగుతుంటుంది, ఆధారం మాత్రం ఏమీ లేదు. ఇంత చేసి ఆ టెలిస్కోప్ పెద్దగా పనికి రాలేదు. అద్దం బరువుకి వంగేది, మసకబారేది. అసలు పని అంతా ఇరవై అడుగుల దాంతోనే జరిగింది.

1822లో విలియం పోయాక కారొలైన్ హానోవర్ వెళ్లిపోయింది. అక్కడ థియేటర్లకి, కచేరీలకి వెళ్తుండేది, వినడానికి. 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. 97 ఏళ్లు బతికి 1848లో పోయింది.

ఆ పెద్ద టెలిస్కోప్‌ని 1839 చివర్లో విప్పేశారు. చెక్క చట్రం పుచ్చిపోయింది, ఎవరి మీదైనా పడుతుందేమో అని భయం. విలియం కొడుకు జాన్, తనూ పేరున్న ఆస్ట్రానమరే, దాని మీద ఒక పాట రాశాడు. కొత్త సంవత్సరం ముందు రాత్రి భార్యాపిల్లలతో ఆ నలభై అడుగుల ఇనుప గొట్టం లోపలికి వెళ్లి, అందరూ కూర్చుని ఆ పాట పాడారు. అప్పటికి ఎనభై తొమ్మిదేళ్ల మేనత్త హానోవర్‌లో ఉంది.