ఆటిజం తొలి గుర్తులు: పరిశీలన చరిత్ర

పరస్పర సంభాషణలో, సాంఘిక సంబంధాలలో పసితనం నుంచే కనిపించే భిన్నతను ఆటిజం అంటారు. 1943లో బాల్టిమోర్ వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాస్తూ, ఎత్తుకోబోయినా వారు అందుకు అనువుగా ఒళ్లు కదపకపోవడాన్ని కూడా నమోదు చేశాడు. తల్లిదండ్రుల నిరాదరణే కారణమన్న అపవాదు ఆ తరువాత ప్రబలగా, 1964లో మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ తన గ్రంథంలో దానిని ఖండించి, మూలం నాడీవ్యవస్థలో ఉందని వాదించాడు.

1992లో పరిశోధకుడు సైమన్ బారన్-కోహెన్ బృందం 18 నెలల పిల్లలకు రూపొందించిన పరీక్ష, ఉత్తుత్తి వంట వంటి ఊహాత్మక ఆటలనూ, నచ్చినదాన్ని ఇతరులకు వేలితో చూపడాన్నీ గమనించింది. 1994లో పరిశోధకులు ఆస్టర్లింగ్, డాసన్ మొదటి పుట్టినరోజు వీడియోలను పరిశీలించి, తరువాత ఆటిజం నిర్ధారణ అయిన పిల్లలు ఏడాదికే ఎదుటివారి ముఖాలను తక్కువగా చూశారనీ, పేరు పెట్టి పిలిచినా అంతగా స్పందించలేదనీ తేల్చారు. 2001లో వెలువడిన ఎం-చాట్ ప్రశ్నావళి ఈ పరిశీలనను తల్లిదండ్రుల చేతికే అందించింది. అయితే అది అనుమానాన్ని సూచిస్తుందంతే; నిర్ధారణ మాత్రం నిపుణులే చేయాలి.