కుటుంబము - స్త్రీ శ్రమ



ఆర్మూరు నుండి జగిత్యాలకు పోవు త్రోవలో మా కమ్మర్‌పల్లి కలదు. ఆ యూరి వీథులలో అరుగులమీద చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలను మీరు చూచియే యుందురు. నా బాల్యమున మా తల్లియు నట్లే కూర్చుండెడిది. ఒకమారు జనాభా లెక్కలకు వచ్చిన గుమాస్తా ఆమె పని యేమని యడిగెను. "ఏం పని? ఇంట్లనే ఉంటది" అని మా తండ్రి బదులు చెప్పెను. ఆమె తల యెత్తక ఇరువదియైదు బీడీల కట్టకు దారము చుట్టుచుండెను. ఆ మాటలో తప్పున్నదని నాకప్పుడు తోచలేదు.

కుటుంబము అనాదిగా నిట్లే యున్నదని మన నమ్మిక. ఎంగెల్స్ అను జర్మను పండితుడు దీనిని శంకించెను. అమెరికావాడైన మోర్గన్ 1877లో ప్రకటించిన గ్రంథమును, దానిపై మార్క్సు వ్రాసికొనిన టిప్పణములను ఆధారము చేసికొని, కుటుంబము, సొంత ఆస్తి, రాజ్యము వీని పుట్టుకను గూర్చి యాతడు 1884లో నొక పుస్తకము వ్రాసెను. మందలును భూములును ఒక్కొక్కని సొత్తైన పిమ్మట, అవి తన బిడ్డలకే దక్కవలెనని పురుషుడు కోరెననియు, అందుండియే స్త్రీని ఇంటికి కట్టివేసిన కుటుంబము పుట్టెననియు ఆతని వాదము. స్త్రీ మరల సమాజపు ఉత్పత్తిలో పాలుగొన్నగాని ఆమెకు విముక్తి లేదనెను. మోర్గన్ చెప్పిన ఆదిమ వృత్తాంతములలో పెక్కింటిని తరువాతి పండితులు త్రోసివేసిరి. కాని ఆస్తికిని కుటుంబమునకును గల ముడి మన పట్టా పుస్తకములలోనే కానవచ్చును. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమగు హక్కు ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు నుండి వచ్చెను. అంతకు మున్నే పెండ్లియైన వారికి అది వర్తింపలేదు. దేశమంతటికిని 2005లో వచ్చెను. కట్నమిచ్చితిమి గదా యని కూతురిచేత సంతకము పెట్టించుకొనిన యిండ్లు నేనెఱుగుదును.

ఎంగెల్స్ ఊహింపని దొకటి మన జిల్లాలో జరిగెను. స్త్రీ కార్ఖానాకు పోలేదు, కార్ఖానాయే యింటికి వచ్చెను. తునికాకు, తంబాకు యజమానివి. ఆకు తడుపుట, కత్తిరించుట, చుట్టుట, కొసలు మడచుట ఆమె పని. వెయ్యి బీడీలకింత యని కూలి. ఆమె కూర్చున్న అరుగునకు అద్దె లేదు, పిల్లల చేతిసాయమునకు వెల లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునుండి తప్పించుకొనుటకు పనిని ఇండ్లకు పంపుట యజమానులకు అనువైనది. అందుచేతనే 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఇంట చుట్టువారిని గూడ కార్మికులుగా నెంచెను.

నర్సాపురమున లేసు అల్లు స్త్రీలను గూర్చి మేరియా మీస్ అను జర్మను స్త్రీవాది 1982లో పుస్తకము ప్రకటించెను. ఆ లేసు విదేశములకు పోయెడిది. అల్లినవారిని మాత్రము గృహిణులనిరి, అల్లికను తీరికవేళ పని యనిరి. ఆ పేరు చాటుననే కూలి తక్కువగా నిలిచెనని ఆమె చూపెను. వంట, నీళ్లు, పిల్లల పెంపకము లేనిదే రేపటికి కూలివాడు పనికి రాజాలడు గదా, దానికి లెక్క యేదని స్త్రీవాదులడిగిరి. మార్క్సు అనుయాయులు యజమానిని వేలెత్తి చూపిరి. వీరు ఇంటిపెద్దను గూడ చూపిరి. ఈ రెండవ మాట మనకు కొంత చేదు. గల్ఫునుండి భర్త పంపు పైకమును సంపాదన యందుము. ఆతడు లేని యేండ్లు పసుపు చేనును, అత్తమామలను, చాటను ఒంటిగా నడిపిన దానిని ఇంటిపని యందుము.

ఐనను కుటుంబము కేవలము దోపిడియని నేననజాలను. మా తల్లి జ్వరపడిన దినములలో మా మేనత్తయు పొరుగింటి చిన్నమ్మయు రాత్రులు మేల్కొని ఆమెకు రావలసిన లెక్క చుట్టి అప్పగించిరి. ఆ కూలి యెవరిదను ప్రశ్న వారి నడుమ రాలేదు. లెక్క పుస్తకమున మా తల్లి పేరే యుండెను.