బూడిద సంవత్సరం నేర్పిన న్యాయం

హిజ్రీ 18వ సంవత్సరంలో (క్రీ.శ. 639) హిజాజ్‌లో వానలు కురవలేదు. గాలికి లేచే మన్ను బూడిదలా ఉండటం వలన చరిత్రకారులు దానిని 'ఆముర్రమాదా', అనగా బూడిద సంవత్సరం అన్నారు. పశువులు నశించాయి. ఎడారి తెగలు తరలివచ్చి మదీనా చుట్టూ విడిది చేశాయి.

రాజధాని పొలిమేరలో ఆకలిగొన్న వేలాదిమంది చేరటం ఏ పాలకునికైనా భద్రతా సమస్యే. హజ్రత్ ఉమర్ (రజి) వారిని తరిమివేయలేదు, లెక్కించమన్నారు. పట్టణానికి నలువైపులా అధికారులను నియమించి, ప్రతి సాయంత్రం వారినుండి సమాచారం తెలుసుకునేవారు. ఒక రాత్రి భోజనానికి వచ్చినవారు 7,000 మంది, రాలేని స్త్రీలు, పిల్లలు, రోగులు 40,000 మంది అని ఇబ్న్ సఅద్ 'తబఖాత్'లో పేర్కొన్నారు. ప్రజలకు లేని నెయ్యిని ఖలీఫా కూడా మానివేశారు.

చట్టం విషయంలో ఆయన వైఖరి మరింత గమనార్హం. ఆ ఏడు జకాత్ వసూలును వాయిదా వేశారు. కరువులో దొంగతనానికి హద్దు శిక్షను నిలిపివేసినట్లు ఫుఖహాలు ఉల్లేఖించారు. ఆకలి తీర్చవలసిన రాజ్యం, ఆ బాధ్యత నెరవేరకముందే ఆకలిగొన్నవాని చేయి నరకరాదన్నదే ఇందలి సూత్రం.

ఆ కరువులోనే ఈజిప్టు ధాన్యం కాలువ మీదుగా వచ్చిందని కొందరు చెబుతారు. కాని ఈజిప్టుపై దండయాత్ర ఆరంభమైనదే 639 చివరిలో. నైలు నదిని ఎర్రసముద్రంతో కలిపే పాత కాలువను అమ్ర్ బిన్ ఆస్ (రజి) తిరిగి త్రవ్వించింది ఆ తరువాతనే. కావున దానిని ఆనాటి సహాయంగా కాక, కరువు నేర్పిన ముందుజాగ్రత్తగా చూడటం సబబు.

వానలు పడిన తరువాత వలస వచ్చినవారికి ఆహారం, వాహనాలు ఇచ్చి స్వస్థలాలకు సాగనంపారు.

నేటి సంగతి చూడండి. 1951 శరణార్థుల ఒడంబడిక జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అనే ఐదు కారణాలతో జరిగే పీడననే గుర్తిస్తుంది. అనావృష్టి గాని, పొంగే సముద్రం గాని అందులో లేవు. కిరిబాటి ద్వీపవాసి ఒకరి ఫిర్యాదుపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తీర్పు 2020లో వెలువడింది. వాతావరణ మార్పు ప్రాణాపాయం కలిగించే చోటికి మనుషులను త్రిప్పి పంపరాదన్న సూత్రాన్ని అది అంగీకరించింది; అయినా ఫిర్యాదుదారు కోరిక మాత్రం నెగ్గలేదు.

ఉమర్ (రజి) ఎదుట నిలిచినవారు తమ రాజ్యపు ప్రజలే. నేటివారు పరాయి సరిహద్దు వద్ద నిలిచినవారు. ఈ భేదాన్ని మరువరాదు. అయితే వచ్చినవానిని ముందుగా నేరస్థునిగా చూడాలా, ఆకలిగొన్నవానిగా చూడాలా అన్న ప్రశ్న మాత్రం నాటిదే.