అంతేవాసి: దగ్గరంటే ఎంత దగ్గర?

'అంతేవాసి' ఇప్పుడు వాడుకలో పెద్దగా లేని మాట. పండితుల సంస్మరణ వ్యాసాల్లో 'ఫలానా వారి అంతేవాసి' అని ఎప్పుడైనా తగులుతుంది. కొత్తగా చదివేవాళ్ల చెవికి ముందు తెలుగు 'అంతే' వినిపిస్తుంది, ఇంకేం లేదు అన్నట్టు. నిజానికి అది సంస్కృతం. 'అంత' అంటే చివర, అంచు, చేరువ. ఏడో విభక్తిలో 'అంతే' అయింది, చేరువలో అని. వాసి అంటే ఉండేవాడు. సమాసంలోకి వచ్చే మొదటి పదం మామూలుగా తన విభక్తిని గుమ్మం బయటే విడిచి వస్తుంది. ఈ మాట విడవలేదు. సరసిజం, ఖేచరుడు, యుధిష్ఠిరుడు కూడా ఈ కోవలోవే. వ్యాకరణం వీటిని అలుక్సమాసాలంటుంది. శిష్యుడంటే శాసించదగినవాడు, విద్యార్థి అంటే విద్య కోరేవాడు. అంతేవాసి పేరు మాత్రం అతను ఏం చేస్తాడో చెప్పదు, ఎక్కడుంటాడో చెబుతుంది.

అమరసింహుడు తన అమరకోశంలో శిష్యుణ్ణీ ఛాత్రుణ్ణీ అంతేవాసినీ ఒకే గాటన కట్టేశాడు. ధర్మశాస్త్రాలకు అలా కుదరలేదు, ఎందుకంటే వాటి ముందుకు తగాదాలు వస్తాయి. నారదస్మృతి లెక్కలో శిష్యుడు వేదం చదివేవాడు, అంతేవాసి శిల్పం నేర్చుకునేవాడు. శిల్పమంటే అక్కడ చేతిపని. ఇంట్లోవాళ్ల అనుమతితో, గడువు ముందే మాట్లాడుకుని, అంతేవాసి గురువు ఇంట చేరాలి. గురువు తిండి పెట్టాలి, కొడుకులా చూసుకోవాలి, పని నేర్పాలి, వేరే చాకిరీ చేయించకూడదు. కుర్రాడు పని ముందే పట్టేసినా గడువు తీరేదాకా ఉండాల్సిందే. ఆ రోజుల్లో వాడి పనిమీద వచ్చే ఫలం గురువుదే. యాజ్ఞవల్క్యుడి మాటా ఇదే. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షరే 13వ శతాబ్దంలో కేతన చేతిలో తెలుగు 'విజ్ఞానేశ్వరం' అయింది.

మనం ఇప్పుడు అప్రెంటిస్ అంటున్నవాడు సరిగ్గా ఇతనే. ఆ అప్రెంటిస్ మాటకు మూలంలో ఉన్న లాటిన్ క్రియకు పట్టుకోవడం అని అర్థం. తెలుగులో పని 'పట్టుబడింది' అంటాం కదా, ఆ ఊహే. ఇంగ్లీషు చేతిని చూసి పేరు పెట్టింది, సంస్కృతం చోటును చూసి పెట్టింది.

ఈ మాట ఆడవాళ్లకూ ఉంది. అమరావతి స్తూపం ప్రాకృత శాసనాల్లో ఒక భిక్షుణి తన దానం గురించి చెక్కిస్తూ, నిర్మాణపు పనులు చూసే ఒక స్థవిరుడికి తాను అంతేవాసినినని చెప్పుకుంది.

నారదుడి నియమాలకు ఈ కాలంలో బాగా దగ్గరగా ఉన్నది సీఏ చదివేవాళ్ల ఆర్టికల్‌షిప్. గడువు ముందే ఖాయం. 2020లో అది మూడేళ్లు, 2023లో వచ్చిన కొత్త పథకంలో రెండేళ్లయింది. స్టాంపు కాగితం మీద రాసుకునే ఒప్పందం ఫారం 102, చేరిన 30 రోజుల్లోగా ఇన్‌స్టిట్యూట్‌కి పంపాల్సింది ఫారం 103. తిండికి బదులు స్టైపెండ్. గురువుని ప్రిన్సిపాల్ అంటారు. కాగితాల్లో ఒకప్పుడు ఆర్టికల్డ్ క్లర్క్, తర్వాత ఆర్టికల్డ్ అసిస్టెంట్. ఆఫీసులో మాత్రం వట్టి 'ఆర్టికల్'. 'ఆ ఫైలు ఆర్టికల్‌కి ఇవ్వండి', 'మన దగ్గర ఎంతమంది ఆర్టికల్స్?' అంటారు. షరతుల పత్రానికి ఉన్న పేరు మనిషికి అంటుకుంది. ఆర్టిక్యులస్ అంటే లాటిన్‌లో చిన్న కీలు. పత్రంలో ఒక్కో షరతూ ఒక్కో కీలు అన్న ఊహ మీద ఆ పేరు వచ్చింది.

కీలునే మనం సంధి అంటాం. మోకాలి సంధి, భుజసంధి అనడం వైద్యుల వాడుకలో ఉన్నదే. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుణ్ణీ అంతేవాసినీ వ్యాకరణంగానే చూపించారు. ఆచార్యుడు ముందు వచ్చే వర్ణం, అంతేవాసి తర్వాత వచ్చే వర్ణం, విద్య వాటి మధ్య సంధి, ప్రవచనం ఆ రెంటినీ కలిపే పని. లాటిన్‌కీ తైత్తిరీయానికీ చుట్టరికం కట్టనక్కర్లేదు. పని నేర్చుకోవడమనే విషయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మనసూ కీలు మీదికే పోయిందన్నది మాత్రం చూడదగ్గ సంగతి.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆ కీలు ఊడింది. ఆడిట్ ఆఫీసులకు అది మరీ ఇబ్బందైన సమయం. మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగుస్తుంది, ఏప్రిల్‌లో బ్యాంకు బ్రాంచి ఆడిట్లు మొదలవుతాయి. ఆర్టికల్స్ ఊరూరా తిరిగి పని నేర్చేది అప్పుడే. ఆ ఏడు వాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోయి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. టాలీ బ్యాకప్ మెయిల్లో వచ్చేది, వోచర్లు వాట్సాప్‌లో ఫొటోలుగా వచ్చేవి, ప్రిన్సిపాల్ జూమ్‌లో కనిపించేవారు. మే నెల సీఏ పరీక్షలు ముందు వాయిదాపడి, చివరకు నవంబరు పరీక్షల్లో కలిసిపోయాయి.

అప్పటికే ఏడాదో ఏడాదిన్నరో చేసినవాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. 'ఆ పార్టీది కిందటేడు లాగే చెయ్' అని సార్ అంటే, కిందటేడు ఏం చేశారో వాళ్లకు తెలుసు. సగం మాటకు మిగతా సగం వాళ్ల దగ్గర ఉంది. లాక్‌డౌన్‌లోనే చేరినవాళ్లకు ఆ సగం లేదు. ప్రిన్సిపాల్ ముఖం కూడా తెరమీదే తొలిసారి చూశారు. వాళ్లకు నేర్పలేదని కాదు, చాలాచోట్ల పద్ధతిగా, మామూలుకన్నా ఎక్కువగానే చెప్పారు. జీఎస్‌టీ రిటర్ను ఎలా వెయ్యాలో స్క్రీన్ పంచుకుని మెట్టుమెట్టుగా చూపించారు. అయినా ఏదో తక్కువైంది. ఆ తక్కువకు పేరు నారదస్మృతిలో ఉంది.

ఒప్పుకుని చేరి, మాట నిలుపుకోని కర్మకరుల తగాదాలన్నీ ఆ స్మృతిలో ఒక శీర్షిక కింద ఉంటాయి: అభ్యుపేత్యాశుశ్రూష. ఒప్పుకున్నాక శుశ్రూష చేయకపోవడం అని. శుశ్రూష అనగానే తెలుగువాళ్లకు రోగికి చేసే సేవ గుర్తొస్తుంది, 2020లో ఆ అర్థానికే పని ఎక్కువ పడింది. ధాతువును బట్టి చూస్తే అది వినాలన్న కోరిక. 'శ్రు' వినడం, 'శుశ్రూష' వినగోరడం. గురువు ఏమంటారో వినాలని దగ్గరే మసిలేవాడు చెంబందిస్తాడు, కాళ్లు పడతాడు, అలా ఆ మాట సేవ అయింది.

పాత ఆర్టికల్స్ వినగలిగిందీ కొత్తవాళ్లు వినలేనిదీ ఒక్కటే, తమతో అనని మాట. పక్క గదిలో ప్రిన్సిపాల్ పార్టీతో ఫోన్లో మాట్లాడుతుంటారు. 'ఈ ఖర్చు నేను ఒప్పుకోలేనండీ' అన్న సంగతి కోపం లేకుండా, మొహమాటం లేకుండా ఎలా చెప్పాలో గోడ ఇవతల ఉన్న కుర్రాడి చెవిన పడుతుంది. సీనియర్ ఒక బిల్లు చూసి, పక్కన పెట్టి, మళ్లీ తీసి చూస్తాడు. ఎందుకు తీశాడో అడిగితే చెబుతాడు, అడక్కపోయినా తీశాడన్నది కంటపడుతుంది. జూమ్‌లో ఎవరితో అన్నది వాళ్లకే వినబడుతుంది, పని లేనివాళ్లు మ్యూట్‌లో ఉంటారు. తెరమీద కర్సర్ కదిలేది కనిపిస్తుంది, అది ఆగినప్పుడు ఆ మనిషి ఏం అనుమానిస్తున్నాడో కనిపించదు.

సరుకు తనిఖీ సంగతే చూడండి. సరుకు విలువ చెప్పుకోదగ్గంత ఉంటే, లెక్కపెట్టేటప్పుడు ఆడిటర్ అక్కడ ఉండాలని ఆడిటింగ్ ప్రమాణం 501 అంటుంది, ఆచరణలో వీలుకాకపోతే తప్ప. ఆ ఏడు వీలుకాలేదు. తర్వాతెప్పుడో లెక్కపెట్టి, మధ్యలో జరిగిన కొనుగోళ్లూ అమ్మకాలూ సర్ది, మార్చి 31 నాటికి వెనక్కి లాక్కురావాలి. లేదా వీడియో కాల్లో చూడాలి. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ అనుకుందాం. పార్టీ తాలూకు గుమాస్తా ఫోన్ పట్టుకుని మిర్చి టిక్కీల, అంటే బస్తాల, వరసల మధ్య నడుస్తుంటాడు. ఇంట్లో కూర్చున్న ఆర్టికల్ అడ్డం ఎన్ని, నిలువు ఎన్ని, లోతు ఎన్ని అని గుణించి రాసుకుంటుంది. లెక్క తప్పు కాదు. కానీ ఫోన్ ఎటు తిరగాలో నిర్ణయించేది గుమాస్తా. అక్కడే నిలబడ్డ సీనియరైతే దారి కాని దారిన వెనక్కి వెళ్లి, గోడవైపు వరస నిండుగా ఉందో లేదో చూస్తాడు, మధ్యలోంచి ఒక టిక్కీ లాగించి లాట్ నంబరు రిజిస్టరుతో కలిపి చూస్తాడు. పక్కనుంటే ఆ అమ్మాయి లెక్కతోపాటు అనుమానించడం కూడా నేర్చుకునేది.

ఇంతవరకూ చెప్పిందంతా చూస్తే గురువు ఇంటి వాకిట్లోనే ఉండాలన్న పాత మాట నెగ్గినట్టు కనిపిస్తుంది. అలా తేల్చేముందు 'అంత' శబ్దానికున్న రెండో ముఖం చూడాలి. అమరకోశంలోనే మరోచోట అంతేవాసి చండాలుడికి పర్యాయపదం. ఊరి అంచున ఉంచబడ్డవాడు అని. ఒకే మాట ఒకరికి చేరువ, మరొకరికి వెలి. గురువు ఇంట చోటు ఎవరికి దొరికేదో, ఎవరు పొలిమేర దాటి రాకూడదో ఆ నిఘంటువు రెండు పేజీల్లో చెబుతోంది. 2020లో పత్రికలు 'సామాజిక దూరం' అని రాసినప్పుడు, ఆ దూరం ఈ దేశానికి కొత్త కాదని, 'భౌతిక దూరం' అనండని అభ్యంతరం వచ్చింది అందుకే. ఆర్టికల్స్‌లోనూ రెండు అంచులు తేలాయి. సొంత ల్యాప్‌టాప్, తలుపు వేసుకునే గది ఉన్నవాళ్లు చేరువలో ఉన్నారు. ఫోన్ డేటాతో, సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాళ్లు అంచున మిగిలారు. కాబట్టి ఒకే వాకిట్లో ఉండటాన్ని చేరువకు కొలత చేస్తే చరిత్ర ఒప్పుకోదు.

వేరే కొలత పాణిని దగ్గర ఉంది. వర్ణాలు అత్యంత సన్నికర్షంలో ఉంటే దాన్ని సంహిత అన్నాడు. సంధి జరిగేది సంహితలోనే. సన్నికర్షమంటే దగ్గరితనం. మరి ఎంత దగ్గర? వ్యాఖ్యాతలు దాన్ని కాలంతో కొలిచారు. రెండు వర్ణాల మధ్య అర్ధమాత్రకు మించి వ్యవధి ఉండకూడదు. హ్రస్వాచ్చు పలకడానికి పట్టే సమయం మాత్ర, అందులో సగం. వెంటనే వచ్చే సూత్రం విరామానికి పేరు పెడుతుంది. పలకడం ఆగితే అవసానం, అక్కడితో సరి. చోటు ప్రసక్తి లేదు.

లాక్‌డౌన్‌లో నేర్చినవాళ్లకూ నేర్వనివాళ్లకూ తేడా ఈ కొలతకే సరిగ్గా అందుతుంది. కొన్ని ఆఫీసుల్లో ఆర్టికల్ పొద్దున పంపిన ప్రశ్నకు మర్నాడు రాత్రి మెయిల్లో జవాబొచ్చేది. జవాబు సరైనదే, కానీ ఆ పాటికి ప్రశ్న చల్లారిపోయి, కుర్రాడు ఏదో ఒక పద్దు కింద వేసేసి ముందుకు పోయాడు. మరికొన్ని చోట్ల రోజంతా ఒక కాల్ తెరిచే ఉంచారు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉంటారు, 'సార్, ఈ అడ్వాన్సు ఎక్కడ చూపించాలి?' అంటే అక్కడికక్కడే జవాబు. అదే కాల్లో మిగతా ముగ్గురూ అది వింటారు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా వీళ్లది సంహిత. ఒకే గదిలో ఉండి, సార్ ఎప్పుడు తలెత్తుతారా అని సాయంత్రందాకా చూసే ఆర్టికల్‌ది అవసానం. అలాంటివాళ్లు లాక్‌డౌన్‌కు ముందూ ఉన్నారు.

తెలుగు వ్యాకరణం ఇంకో దారి కూడా చూపించింది. సంధి జరగని చోట రెండు అచ్చులు పక్కపక్కన నిలిస్తే మధ్యలో ఒక 'య' వచ్చి చేరుతుంది. మా అమ్మ, మాయమ్మ. యడాగమం అంటే ఇదే. ఆ 'య' ముందు పదానిదీ కాదు, తర్వాత పదానిదీ కాదు. చాలా ఆఫీసుల్లో ఆ పని చేసింది మూడో ఏడు ఆర్టికల్. ప్రిన్సిపాల్ దొరకనప్పుడు కొత్తమ్మాయికి ఫోన్ చేసి, 'సార్ అలా అన్నారంటే కోపం కాదు, డెబిట్ నోటు ఉందా అని అడుగుతున్నారు, చూడు' అని విడమరిచి చెప్పినవాడు. వాడికి ఏ ఫారంలోనూ పేరు లేదు.

నారదుడు మధ్యలో వదిలిపోయే అంతేవాసి మీద కఠినంగానే ఉన్నాడు, పట్టుకొచ్చి కూర్చోబెట్టవచ్చన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. గురువు నేర్పుతూ ఉండాలి, అతనిలో దోషం ఉండకూడదు. నేర్పని గురువుకు ఆ హక్కు లేదు. అంతేవాసి అన్న పేరు చేరువలో ఉండే భారమంతా నేర్చుకునేవాడి మీద వేసింది, మన ఆఫీసులూ హాజరు పట్టీతో అదే చేస్తున్నాయి. పిల్లలు ఇంటి దగ్గర కూర్చోక తప్పని ఆ నెలల్లో తేలిందేమిటంటే, చేరువలో ఉండటం గురువు పని కూడా. ఇంటినుంచి నేర్చుకోవచ్చా, ఆఫీసుకి రావాలా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఆర్టికల్స్‌కి చేరబోయే పిల్లలు ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న దానికన్నా చిన్నది: 'సార్, నాకు అనుమానమొస్తే మీరు ఎంతసేపట్లో దొరుకుతారు?'