‘విధులకు ఆటంకం’ – ఈ మాట వెనక చరిత్ర



పోడు భూముల దగ్గర గొడవ అయితే చాలు, మర్నాడు పేపర్లో ఒకటే మాట: ‘అధికారుల విధులకు ఆటంకం, పలువురిపై కేసు’. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, చట్టం దానికి ఏ అర్థం చెప్తుందో మనకి తెలిసుండాలి.

1860లో తెల్లదొరలు భారత శిక్షాస్మృతి తెచ్చారు. అందులో 186వ సెక్షన్ ఇది: ప్రభుత్వోద్యోగి విధిలో ఉండగా కావాలని అడ్డుపడితే 3 నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ తర్వాత 22 ఏళ్లకి, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసిన అడవిలో చెట్టు కొట్టినా, పోడు చేసినా, అనుమతి లేకుండా పశువుల్ని మేపినా నేరమే.

ఈ రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తాతల బతుకుతెరువు నేరం అయింది. దాన్ని ఆపడం గార్డుకి ‘విధి’ అయింది. ఎదురు నిలబడితే ‘ఆటంకం’ అయింది. 1922లో మన్యం తిరగబడటానికి ఈ అటవీ ఆంక్షలు ఒక పెద్ద కారణం.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని 4(5) సెక్షన్ ప్రకారం, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యే వరకు సాగులో ఉన్న అర్హుల్ని ఖాళీ చేయించకూడదు. అంటే ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లని ‘ఇది ఏ చట్టం కింద మీ విధి?’ అని అడిగే ఆధారం మన చేతికి వచ్చింది.

2024 జూలై 1 నుంచి ఆ పాత 186 భారతీయ న్యాయ సంహితలో 221 అయింది. జైలు అంతే, జరిమానా 2,500కి పెరిగింది. సంబంధిత అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, సంబంధిత అధికారి అధికారం ఇచ్చిన మరో ప్రభుత్వోద్యోగి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఈ నేరాన్ని విచారణకి తీసుకోవాలి. రాతపూర్వక ఫిర్యాదు ఉండాలన్న రూలు పాతదే, ఇప్పటికీ ఉంది. కేసు పడితే లాయర్ని ముందు అడగాల్సింది ఇదే.

ఒక జాగ్రత్త. బలప్రయోగం లేకపోతే ఆటంకం కాదని ధీమాగా ఉండొద్దు, దీని మీద హైకోర్టులన్నీ ఒకే మాట చెప్పలేదు. చెయ్యి మాత్రం అస్సలు ఎత్తొద్దు. అది 132వ సెక్షన్, 2 ఏళ్ల వరకు జైలు. నోటీసు అడగండి, గ్రామసభ తీర్మానం చూపించండి, క్లెయిమ్ రసీదు దగ్గర పెట్టుకోండి.

ఒకప్పుడు మనల్ని ఆపడానికి కాగితం వాడారు. ఇప్పుడు మన దగ్గరా కాగితం ఉంది. దాన్ని చదివి ఊళ్లో పెద్దలకి చెప్పే పని చదువుకున్న మనదే.