కొయ్య సామాను మెరుగు కథ

ఒకే మ్రానునుండి చేసిన రెండు బల్లలలో ఒకటి అద్దమువలె మెరయవచ్చును; రెండవది మసకగా నుండవచ్చును. భేదము కొయ్యలో లేదు, దానిపైనున్న పలుచని పూతలో నున్నది. పూత నున్నగా నున్నచో, ఒక దిక్కునుండి వచ్చిన కాంతి చెదరక ఒకే దిక్కునకు పరావర్తనము చెందును. కంటికి కనుపించనంతటి గరుకుదన మున్నను కాంతి నలువైపుల చెదరి మెరుపు తగ్గును. కావున మెరుగు మార్చుట యనగా పూత ఉపరితలమును మార్చుటయే. ఈ విద్య చరిత్రలో మన దేశపు లక్కకు ముఖ్యస్థానము కలదు.

మోదుగ, రేగు మున్నగు చెట్ల లేతకొమ్మలపై జీవించు ఒక చిన్న పురుగు స్రవించు పదార్థమే లక్క. భారతములోని లక్కయింటి కథ మన మెరిగినదే. 1596లో వెలువడిన తన గ్రంథమున డచ్చి యాత్రికుడు లిన్‌స్కోటెన్, తరిమెనపై తిరుగు కొయ్యకు మనవారు లక్కను ఒత్తి పూయు విధమును వర్ణించెను. ఒరపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. ఏటికొప్పాక బొమ్మలకు నేటికిని రంగు లిట్లే పట్టింతురు.

ఐరోపాలో పూర్వము కొయ్యకు నూనెయో, తేనెమైనమో పట్టించెడివారు. వాని మెరుగు మృదువైనది. 1688లో స్టాకర్, పార్కర్ అను ఆంగ్లేయులు వార్నిషులనుగూర్చి వ్రాసిన గ్రంథమున, లక్కను సారాయి సత్తులో కరగించి పూయుట తెలిపిరి. 1781లో జేమ్స్ కెర్ లక్క పురుగు జీవితమును లండను రాయల్ సొసైటీ పత్రికలో వివరించెను. 19వ శతాబ్దారంభమున 'ఫ్రెంచి పాలిష్' ప్రబలెను. దూదిని గుడ్డలో చుట్టి, లక్క ద్రావణములో తడిపి, అంటుకొనకుండ ఒక చుక్క అవిసెనూనె చేర్చి, పూతపై పూతగా రుద్దుటయే ఈ పద్ధతి. అద్దమువంటి ఆ మెరుపుపై మోజుతో అనేకులు అంతకు పూర్వపు సామానులను గూడ గీకించి పాలిష్ చేయించిరి. తొలి పనివాని పూత, కాలము తెచ్చిన వన్నె గీకుడుతోనే పోయినవి. అవి మరల రావు.

1920 తరువాత నైట్రోసెల్యులోజు లక్కరులు వచ్చెను. వీనిని యంత్రముతో చిమ్మవచ్చును, త్వరగా ఆరును. కర్మాగారములు నిదానమైన చేతిపనిని విడిచెను.

అయినను లక్కపూతకు ఒక విశేషగుణ మున్నది. అవిసెనూనె గాలిలోని ఆమ్లజనితో కలసి గట్టిపడును. ఆ మార్పు తిరుగరానిది. లక్కపూత ఆరుట యన్ననో, స్పిరిట్ ఆవిరియగుట మాత్రమే. కావున ఏండ్లు గడచిన పిమ్మటగూడ సాధారణముగా స్పిరిట్ దానిని మరల మెత్తబరచును. పాత కుర్చీ అడుగున, కనుపించనిచోట, ఒక చుక్క వేసి చూడుడు: పూత జిగటయైనచో అది లక్క కావచ్చును. అట్టిదానిపై పలుచని లక్క ద్రావణముతో రుద్దిన మెరుపు హెచ్చును, క్రొత్తపూత పాతదానితో ఏకమగును. మెరుపు తగ్గింపవలెనన్న, అగ్నిపర్వతములనుండి వచ్చు నురుగురాయి మెత్తని పొడిని నూనెతో కలిపి, కొయ్య ఈనెల వెంబడి తేలికగా రుద్దిన చాలును. స్పిరిట్ సులభముగా మండును, సమీపమున నిప్పుండరాదు.

పాఠశాలలలోని పాత బల్లలకు మెరుగు మాసినదని చిత్రిక పట్టించుటకు ముందు ఈ చిన్న పరీక్ష చేయుట మేలు. చిత్రికకు లేచిన పొరను తిరిగి అతుకలేము. స్పిరిట్ చుక్కకు నష్టము స్వల్పము.